స్కాలర్‌షిప్ డబ్బుతో లిక్విడ్ కూలరా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తలా కొంత వేసుకుని హాస్టల్‌కి డెస్క్‌టాప్ కొందామంటున్నారు, మంచిదే. కానీ లైట్లు మెరిసే లిక్విడ్ కూలర్ అంటగడితే వద్దనండి. రైజెన్ 5 5600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్‌కి డబ్బాలో వచ్చే కూలరే చాలు. ఆ డబ్బుతో యూపీఎస్ చూసుకోండి, కరెంటు పోయినప్పుడల్లా చేసిన ప్రాజెక్టు పోకుండా ఉంటుంది. మామూలు కూలర్‌లో ఫ్యాన్ పోతే ఫ్యానొక్కటే మారుస్తాం. ఇందులో పంపు పోతే దాదాపు మొత్తం పారేయాల్సిందే, మన మండలాల్లో దాన్ని విప్పి చూసేవాళ్లెవరు?

ఎవరైనా వాడిన కూలర్ ఊరికే ఇస్తే అది వేరే సంగతి. ముందు ఎన్నేళ్లదో అడగండి. మూసేసి ఉన్నా ట్యూబుల గుండా నీళ్లు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంటాయి, ఆ జాగాలో గాలి చేరుతుంది. గాలి పైకే పోతుంది కదా, అందుకే రేడియేటర్ పైన, పంపు కింద ఉండాలి. పంపే అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి అందులో చేరి గుడగుడమంటుంది, తొందరగా అరిగిపోతుంది కూడా. బయాస్‌లో పంపు ఆర్‌పీఎం చూడండి. వైరు సరిగ్గా పెట్టినా సున్నా చూపించి, వేడి గబగబా ఎక్కుతుంటే పంపు పోయినట్టే.

ఇక మన హాస్టల్ దుమ్ము! రేడియేటర్ రెక్కల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. నెలకోసారి స్విచ్ ఆపి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. అప్పటికీ వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీది పేస్ట్ తుడిచి కొత్తది రాయండి.