వారోత్సవాలు ఎవరి కోసం?

ఈ నెల 19వ తేదీ నుండి 25వ తేదీ వరకు దేశమంతటా కౌమీ ఏక్తా సప్తాహం జరుగుతుంది. కార్యాలయాలలో ఉద్యోగులు వరుసగా నిలబడి జాతీయ సమైక్యతా ప్రతిజ్ఞ చేస్తారు. పాఠశాలల్లో వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. చివరి రోజున మత సామరస్య పతాక దినం పాటిస్తారు. ఆపైన డిసెంబరు 18న మైనారిటీల హక్కుల దినం, ఫిబ్రవరి మొదటి వారంలో ఐక్యరాజ్యసమితి సర్వమత సామరస్య వారం, మార్చి 21 నుండి జాతి వివక్షపై పోరాడే ప్రజలకు సంఘీభావ వారం వస్తాయి. ఏడాది పొడవునా ఇవి వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ‘ఇన్ని వారాలు గడిచాయి, మా వీధికి ఒరిగిందేమిటి?’ అని లింగాల, పులివెందుల ప్రాంతపు సోదరులు మమ్మల్ని అడుగుతున్నారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం కావాలంటే ఈ వారాలు ఎలా పుట్టాయో ముందు తెలుసుకోవాలి.

ఒక వారాన్ని ఒక ఆశయానికి కేటాయించే పద్ధతిని శక్తిమంతంగా వాడుకున్నవారు పాలకులు కారు, గొంతు లేనివారు. అమెరికాలో బానిసలుగా బ్రతికిన తల్లిదండ్రులకు పుట్టిన కార్టర్ జి. వుడ్సన్ అనే చరిత్రకారుడు 1926లో నీగ్రో చరిత్ర వారాన్ని ప్రారంభించారు. తన జాతి చరిత్రకు పాఠ్యపుస్తకాలలో చోటు లేదు. చోటిమ్మని అడిగితే వినే నాథుడు లేడు. కాబట్టి ఏడాదిలో కనీసం ఒక్క వారమైనా ఆ చరిత్రను బడిలో చెప్పించాలని ఆయన పట్టుబట్టారు. లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్‌ల జన్మదినాలు కలిసివచ్చే ఫిబ్రవరి రెండవ వారాన్ని అందుకు ఎంచుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1976లో, ఆ వారం నెలగా మారింది. వుడ్సన్ కోరినది పండుగ కాదు. మరచిపోయిన వారికి గుర్తు చేసే అవకాశం.

రెండవ ఉదాహరణ దక్షిణాఫ్రికాది. 1960 మార్చి 21న షార్ప్‌విల్ పట్టణంలో, నల్లవారు ఎక్కడికి వెళ్ళినా పాసు పుస్తకం వెంట ఉంచుకోవాలన్న చట్టానికి నిరసనగా గుమికూడిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఐక్యరాజ్యసమితి 1966లో ఆ తేదీని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. 1979లో ఆ తేదీతో మొదలయ్యే వారాన్ని సంఘీభావ వారంగా నిర్ణయించింది. ఒక్క వారం వల్ల వర్ణవివక్ష కూలిపోలేదు. దానిని కూల్చినది ఆ దేశ ప్రజల త్యాగం. కానీ ఏటా అదే తేదీన ప్రపంచం ఆ 69 మందిని తలచుకొని, వారికి న్యాయం ఎప్పుడని అడుగుతూ వచ్చింది. 1994లో అన్ని జాతులవారూ ఓటు వేసిన ఎన్నికలు జరిగేవరకు ఆ ప్రశ్న ఆగలేదు. నేడు మార్చి 21 ఆ దేశంలో మానవ హక్కుల దినం.

సర్వమత సామరస్య వారం వెనుక ముస్లిం పండితుల చొరవ ఉన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 2007 అక్టోబరులో వివిధ దేశాలకు చెందిన 138 మంది ఇస్లామీయ పండితులు, మేధావులు క్రైస్తవ మత పెద్దలకు ఒక బహిరంగ లేఖ వ్రాశారు. దైవ ప్రేమ, పొరుగువారి పట్ల ప్రేమ అనే రెండు ఆజ్ఞలు ఉభయ మతాలకూ ఉమ్మడి భూమిక అని అందులో వివరించారు. ఆ బాటలోనే జోర్డాన్ రాజు రెండవ అబ్దుల్లా 2010లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందు ఈ వారాన్ని ప్రతిపాదించారు. అక్టోబరు 20న సభ ఆమోదించింది. ముస్లింలకు శాంతి పాఠం ఎవరో వచ్చి నేర్పాలని చెప్పేవారు ఈ చరిత్రను గమనించాలి.

ఇక మన దేశపు సప్తాహం. దానిలో ఏ రోజు ఏమి చేయాలో స్పష్టంగా నిర్ణయించి ఉంది. 19 జాతీయ సమైక్యతా దినం, 20 మైనారిటీల సంక్షేమ దినం, 21 భాషా సామరస్య దినం, 22 బలహీన వర్గాల దినం, 23 సాంస్కృతిక ఐక్యతా దినం, 24 మహిళా దినం, 25 పర్యావరణ పరిరక్షణ దినం. మతకల్లోలాలలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల చదువుకు సాయం చేసేందుకు 1992లో కేంద్ర హోం శాఖ కింద ఏర్పడిన జాతీయ మత సామరస్య సంస్థ పతాక దిన విరాళాలను సేకరిస్తుంది. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటును ఊహించలేము. లోపం ఏర్పాటులో లేదు, దానిని జరిపే తీరులో ఉంది.

ప్రభుత్వ కార్యాలయాలలో జీవితం గడిపిన మాకు ఆ తీరు బాగా తెలుసు. పై నుండి ఉత్తర్వు వస్తుంది. బ్యానరు కడతారు, ప్రతిజ్ఞ చదువుతారు, ఫొటో తీస్తారు. ‘ఘనంగా జరుపబడినది’ అని నివేదిక పంపి ఫైలు మూస్తారు. 20వ తేదీన ప్రతిజ్ఞ చేసిన బల్ల మీదనే మైనారిటీ విద్యార్థి దరఖాస్తు 21వ తేదీన కూడా కదలకుండా ఉంటుంది. ప్రతిజ్ఞకూ దరఖాస్తుకూ సంబంధం ఉన్నదని ఎవరికీ తోచదు. ఆ సంబంధాన్ని గుర్తు చేయవలసినవారము మనమే.

కొందరు పెద్దలు మరొక మాట అంటారు. కడప జిల్లాకు సామరస్యం కొత్తగా నేర్పాలా అని. నిజమే. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని ఆలయానికి ముస్లిం కుటుంబాలు వెళ్ళడం, కడప పెద్ద దర్గాకు అన్ని మతాలవారూ రావడం, దూదేకుల సిద్దయ్య పోతులూరి వీరబ్రహ్మం గారి ప్రియశిష్యుడు కావడం ఈ నేల గొప్పతనం. గండికోటలో జామియా మసీదు, మాధవరాయ ఆలయం ఒకే కోట గోడల నడుమ నిలిచి ఉన్నాయి. పీర్ల పండుగపై మనలో ధార్మిక అభిప్రాయ భేదాలు ఉన్నప్పటికీ, రాయలసీమ పల్లెల్లో దానిని ఊరంతా కలిసి జరుపుకోవడం వాస్తవం.

అయితే స్నేహం వేరు, సమానత్వం వేరు. పొరుగింటివారు మనతో సేమియా పంచుకోవడం స్నేహం. మన పిల్లవాడు వారి పిల్లవానితో సమానంగా చదివి, సమానంగా ఉద్యోగానికి నిలబడగలగడం సమానత్వం. మొదటిది మనకు తాతల నాటి నుండి ఉంది. రెండవది లేదని 2006 నవంబరులో సచార్ కమిటీ లెక్కలతో చెప్పింది. 2001 జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, ఐ.ఎఫ్.ఎస్.లో 1.8 శాతం మాత్రమే. అక్షరాస్యత దేశ సగటు సుమారు 65 శాతం కాగా ముస్లింలలో 59.1 శాతం. ఆ నివేదిక వచ్చాక కొన్ని మేళ్ళు జరిగాయి. మన రాష్ట్రంలో 2007 చట్టంతో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. మరికొన్ని మేళ్ళు వెనక్కి పోయాయి. 2022లో కేంద్రం ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని, పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. సంక్షేమ దినం జరుపుతూనే సంక్షేమాన్ని తగ్గించినప్పుడు, ఆ దినాననే ఆ మాట అడగడం పౌరుని విధి.

కాబట్టి ఈ సప్తాహాన్ని చూస్తూ కూర్చోక మన చేతిలోకి తీసుకోవాలని మా సూచన. పర్నపల్లె జలాశయం పక్కన ఉన్నా బోర్ల నీటి కోసం దిగులుపడే లింగాల మండలం వంటి చోట పెద్ద సభలు, ఊరేగింపులు అక్కరలేదు. ప్రతి ఊరిలో చదువుకున్న నలుగురు యువకులు, ఒక పెద్దమనిషి కలిస్తే చాలు. 20వ తేదీన గ్రామ సచివాలయానికి వెళ్ళి, ఆ ఊరి ముస్లిం విద్యార్థులలో ఎందరికి ఉపకార వేతనం అర్హత ఉంది, ఎందరికి అందింది, ఎందుకు అందలేదు అని వ్రాతపూర్వకంగా అడగాలి. ఖబరస్తాన్, ఈద్గా భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం రికార్డులలో సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. భూముల రీసర్వే జరిగే కాలంలో ఈ జాగ్రత్త లేకపోతే తరువాత కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. నోటి మాటకు జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

21న ఉర్దూ సంగతి చూడాలి. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా శాసనం చేశారు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వీలు కల్పించాలని చెబుతుంది. ఊరి బడిలో ఉర్దూ చదవదలచిన పిల్లలు ఎందరు, ఉపాధ్యాయుడు ఉన్నాడా అనే లెక్క తీస్తే గాని శాసనం బడిదాకా రాదు. 24న మన ఆడబిడ్డలలో పదవ తరగతి తర్వాత ఎందరు చదువు మానారో ఇంటింటికీ తిరిగి తెలుసుకోవాలి. ఈ ప్రశ్నకు ప్రభుత్వం ఒక్కటే జవాబుదారీ కాదు.

ఆ మాటకు వస్తే 22వ తేదీ, బలహీన వర్గాల దినం, మన లోపలికి కూడా చూసుకోవలసిన రోజు. దూదేకుల, తురక కాశ, ఫకీరు, హజాం కుటుంబాలను మనలోనే కొందరు తక్కువగా చూస్తున్నారు. పెళ్ళి సంబంధాలలో, మసీదు కమిటీలలో ఆ తేడా కనిపిస్తూనే ఉంది. భుజానికి భుజం కలిపి నమాజులో నిలబడి, బయటికి రాగానే వంశం అడిగేవారికి ఇతరుల వివక్షను ప్రశ్నించే నైతిక బలం ఎక్కడిది? అదే రోజున ఊరి దళిత సోదరుల శ్మశాన స్థలం సమస్యలో వారి పక్కన నిలవడం, మన ఖబరస్తాన్ కోసం అడిగినంత ధర్మమే. సామరస్యాన్ని పెంపొందించడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతున్నది. అది మెజారిటీకి మాత్రమే వ్రాసినది కాదు.

ఈ అడుగులు చిన్నవే. అయినా ఒక ఊరి నుండి వెళ్ళిన అర్జీకి రసీదు, తేదీ ఉంటాయి. మరుసటి ఏడాది సప్తాహం వచ్చినప్పుడు, ‘పోయిన ఏడు మేము అడిగిన దానికి ఏమి చేశారు?’ అని తిరిగి అడగడానికి ఆధారం ఉంటుంది. ఏటా ఒకే తేదీ తిరిగి రావడంలోని ప్రయోజనం అదే. వుడ్సన్ మొదలుపెట్టిన వారం యాభై ఏళ్ళు నిలిచినది ప్రతి ఫిబ్రవరిలోనూ అడిగేవారు ఉన్నందువల్లనే.

పాఠక సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. ఈ సప్తాహంలో మీ ఊరిలో ఏ ప్రశ్న అడిగారో, ఏ జవాబు వచ్చిందో, లేక రాలేదో, తేదీలతో సహా మాకు వ్రాసి పంపండి. వచ్చే సంచికలలో వాటిని ఊరి పేరుతో ప్రచురిస్తాము. ఏడాది తరువాత, ఇదే నెలలో, వాటిని మళ్ళీ ముందు పెట్టుకొని లెక్క చూద్దాము.