యువకుల రక్తపు పోటు

ఉద్యోగమున చేరుటకు ముందు వైద్యపరీక్షకు పోయిన యిరువదినాలుగేండ్ల యువకునకు రక్తపు పోటు 134/86 అని వ్రాసి యిచ్చుట మన పట్టణములలో నిప్పుడు వింత కాదు. తండ్రి యా కాగితమును జూచి, యీ వయస్సున పోటేమి, యంత్రము చెడియుండునని త్రోసివేయును. తల్లి భయపడి, యింటిలో తాతగారు మ్రింగుచున్న మాత్రలో సగము మనుమనికిని ఇచ్చిన నేమని యోచించును. వైద్యు డొకడు ఏమియు లేదు పొమ్మనును. మఱియొకడు జీవితాంతము మందు తప్పదనును. ఈ నలుగురిలో నెవ్వరును పూర్తిగా సత్యమును చెప్పినవారు కారు. అది రోగమని తీర్మానింపదగినది కాదు, ఉపేక్షింపదగినదియు కాదు. ఈ నడిమి స్థితిని గూర్చి మన కుటుంబములు చూపు నలక్ష్యముకంటె ప్రభుత్వములు చూపు నలక్ష్యము హెచ్చు హానికరమని మేము తలంచుచున్నాము.

పై సంఖ్య గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పటి యొత్తిడి. క్రిందిది అది విశ్రమించునప్పటిది. రెంటిని పాదరసపు మిల్లీమీటరులలో చెప్పుదురు. ఇటలీ వైద్యుడు రివారోచ్చి 1896 లో చేతికి చుట్టు గాలిపట్టీని కల్పించెను. రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ 1905 లో ధమనిపై వినవలసిన ధ్వనులను తెలిపెను. నాటినుండి కొలుచు పద్ధతి మూలమున మారలేదు, మారుచున్నది హద్దు. మన దేశమున వైద్యులు సాధారణముగా పాటించునది 140/90. ప్రపంచారోగ్యసంస్థ 2021 లో సామాన్యులకు మందు ప్రారంభించుటకు నిర్ణయించినదియు అదియే. అమెరికా హృద్రోగవైద్య సంఘములు 2017 నవంబరులో హద్దును 130/80 కి దింపగా, ఆ దేశపు వయోజనులలో పోటు కలవారి పాలు నూటికి 32 నుండి 46 కు ప్రాకెను. ఆ రాత్రి క్రొత్తగా నెవ్వరికిని జబ్బు రాలేదు. ఐరోపావారు 2024 లో పై సంఖ్య 120 మొదలు 139 వరకును, లేక క్రింది సంఖ్య 70 మొదలు 89 వరకును ఉన్నవారిని 'హెచ్చిన పోటు' గలవారని వేరొక తరగతిగా నేర్పరచిరి. కాబట్టి మన యువకుని 134/86 న్యూయార్కులో రోగము, పారిసులో హెచ్చరిక, విజయవాడలో లెక్కకు రాని యంకె.

పేరును గూర్చిన తగవును పండితులకు విడువవచ్చును గాని, యంకె వెనుకనున్న విషయమును విడువరాదు. అమెరికాలో బర్మింగుహాము, చికాగో, మినియాపోలిసు, ఓక్లాండు నగరములందు 1985-86 లో పదునెనిమిది మొదలు ముప్పది యేండ్ల వయస్సుగల సుమారు 5,000 మందిని చేర్చుకొని దశాబ్దులపాటు వెంబడించిన పరిశోధన యొకటి కలదు. 2018 లో ప్రకటించిన దాని ఫలితములనుబట్టి, నలుబదేండ్లకు లోపల పోటు సమముగా నున్నవారిలో గుండెజబ్బు, పక్షవాతము మున్నగునవి సాలునకు వేయింటికి 1.37 చొప్పున వచ్చినవి. మన యువకునివంటి తరగతివారిలో 3.15 చొప్పునను, 140/90 దాటినవారిలో 8.04 చొప్పునను వచ్చినవి. వయస్సు, పొగాకు మున్నగు భేదములను సవరించి లెక్కించినను, నడిమి తరగతివారికి అపాయము ఒకటింముప్పావు రెట్లున్నది. ఈ యంకెలతో భయపెట్టవచ్చును. వేయింటికి మూడే కదా యని ధైర్యమును చెప్పవచ్చును. మేము చూడగోరునది కాలము. అరువదేండ్లవానికి రాబోవు పదియేండ్ల లెక్క చాలును. ఇరువదినాలుగేండ్లవాని ముందు ఏబది సంవత్సరములున్నవి, ఆ యేబదియేండ్లును వాని రక్తనాళము లాయొత్తిడిని భరింపవలెను.

అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టుగారి కథ యిచట స్మరణకు వచ్చుచున్నది. ఆయన యువకుడు కాడు గాని, యంకె లెట్లు నడచునో చూపుటకు చాలును. 1935 లో ఆయన పోటు 136/78. 1937 లో 162/98, 1941 లో 188/105. అధ్యక్షుని ఆరోగ్యము బాగుగా నున్నదనియే ఆయన వైద్యుడు లోకమునకు చెప్పుచుండెను. 1945 ఏప్రిలు 12 వ తేదీన మెదడులో రక్తనాళము చిట్లి మరణించినప్పుడు కొలిచినది 300/190. ఆ కాలపు వైద్యుల చేతిలో మంచి మందు లేదు; వయస్సుతో పోటు హెచ్చుట సహజమని తలంచినవారును అనేకులు. మనకు నేడు ఆ సాకు లేదు.

యంత్రము చెడియుండునన్న తండ్రి మాటలో కొంత న్యాయము కలదని యొప్పుకొనవలెను. ధాన్యము తూచునప్పుడు కాటాకు ముద్ర యున్నదా లేదా యని మన రైతు చూచును. కొడుకు చేతికి చుట్టిన పట్టీ సరియైనదా యని అడుగడు. మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలిచి, ఉద్యోగము దక్కునో లేదో యను బెంగతో కూలబడినవానికి, చొక్కాచేతి మీదనే పట్టీ చుట్టి, మాటలాడించుచు నొక్కసారి కొలిచి వ్రాసిన యంకెకు విలువ స్వల్పము. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినను పోటు హెచ్చుగా కనబడును. అరగంటకు ముందునుండి కాఫీయు సిగరెట్టును మాని, మూత్రవిసర్జన చేసి, వీపున కానుడు నిచ్చు కుర్చీలో పాదములు నేల నాన్చి, యైదు నిమిషములు మౌనముగా కూర్చుండి, చేయి గుండె యెత్తున నుంచి, నిమిషము వ్యవధిలో రెండుసార్లు కొలువవలెను. మఱియొక దినమున మరల కొలువవలెను. ఇంటియొద్ద నెమ్మదిగా కొలిచినప్పుడు సగటు 135/85 కు మించినచో విచారింపదగినది. వైద్యుని గదిలో హెచ్చై యింట సమముగా నుండువారు కొందఱు. వైద్యుని గదిలో బాగుండి యింట హెచ్చువారును కొందఱు కలరు, వీరి విషయమే మఱింత జాగ్రత్త.

సరిగా కొలిచినను 140/90 దాటి యుండిన, ముప్పదేండ్లకు లోపలివానికి కారణమును వెదకవలెను. మూత్రపిండములు, వానికి పోవు ధమని యిఱుకగుట, మూత్రపిండములపై గ్రంథులు, నిద్రలో గుఱకతో ఊపిరి యాగుట, యివి ముఖ్యమైనవి. మన దేశమున యువతులయందు ధమనుల గోడలు వాచి యిఱుకగు తకయాసు వ్యాధి యొక కారణముగా కనబడుచున్నది. ఒంటినొప్పులకు విచ్చలవిడిగా మ్రింగు మాత్రలు, కసరత్తుశాలలలో కండలకై పుచ్చుకొను మందులు, గర్భనిరోధపు మాత్రలు వీనిని గూర్చి తప్పక అడుగవలెను. గర్భిణికి పోటు కొంచెము హెచ్చినను సంగతి పూర్తిగా వేరు. అప్పుడు జాగు చేయరాదు.

ఉప్పు మాటకు వత్తము. 1930 లో చిటికెడు ఉప్పు కొఱకు లాఠీదెబ్బలు తిన్న జాతి, నేడు కావలసినదానికి మించి యుప్పు తినుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ దినమునకు అయిదు గ్రాములకు లోపల నుండుమన్నది; 2017-18 లో మన దేశమున జరిగిన సర్వేలో సగటు ఎనిమిది గ్రాములు తేలినది. ఆవకాయను మానుమని తెలుగువానికి చెప్పుట వృథా, మేమును చెప్పము. అన్నములో ఆవకాయ, నంజుటకు అప్పడము, మజ్జిగలోనికి ఊరమిరపకాయ, ఆ మజ్జిగలో మరల ఉప్పు, యీ నాల్గును నొక్క విస్తరిలో నెందుకని మాత్రము అడుగుదుము. యువకున కిది చాలక, సాయంకాలము పొట్లములలోని వేపుళ్లును, హోటలు బిరియానీయు తోడగుచున్నవి. పొటాసియము కలిపిన ఉప్పు చైనా పల్లెలలో వృద్ధులకును, పక్షవాతము వచ్చినవారికిని మేలు చేసినట్లు 2021 లో తేలినది. కాని మూత్రపిండములు చెడినవారికి అది అపాయకరము; శ్రీకాకుళపు ఉద్దానమువంటి ప్రాంతములలో వైద్యుని యడుగక వాడరాదు. బరువెక్కినవాడు కిలో తగ్గిన పోటు సుమారొక మిల్లీమీటరు తగ్గును. వారమునకు నూటయేబది నిమిషముల నడక, చాలినంత నిద్ర, పొగాకును మద్యమును విడుచుట, వీని మహిమ అందఱెఱిగినదే.

ఇట్లు మూడు నాల్గు మాసములు నడచి మరల కొలిచినపిమ్మటనే మందుమాట. అమెరికావారు 2025 లో, ఇతర బాధలులేని వానికి సైతము మూడు మొదలు ఆరు మాసములలో 130/80 కు తగ్గనిచో మందీయవచ్చుననిరి. మన వైద్యు లంతదూరము పోవలసిన యగత్యము నాకస్మికముగా నంగీకరింపజాలము. తాతగారి మాత్ర యెప్పుడును కూడదు. సర్పగంధ మన దేశపు వేరు. దానిని పోటుకు వాడి చూచిన ఫలితములను బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలుగారు 1949 లో ఆంగ్ల వైద్యపత్రికలో ప్రకటించి ప్రపంచము దృష్టి నాకర్షించిరి. అది మనకు గర్వకారణమే. అయినను దాని సారము కొందఱికి మనస్సును క్రుంగజేయునని తరువాత తెలియవచ్చినందున వాడుక మిక్కిలి తగ్గినది. స్వదేశపు వేరైనను కొలత లేక మ్రింగరాదు.

ఇక ప్రభుత్వము. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 24 మంది, స్త్రీలలో 21 మంది పోటు కలవారుగనో మందు వాడువారుగనో తేలిరి. తెలుగు రాష్ట్రములు రెంటను ఈ పాలు దేశపు సగటుకంటె హెచ్చు. తెలంగాణము పోటు నదుపుచేయు జాతీయ ప్రయత్నములో మొదట చేరిన యైదు రాష్ట్రములలో నొకటి యగుట సంతోషకరము. కాని గ్రామములలో ఆశాకార్యకర్త యిల్లిల్లు తిరిగి వ్రాయునది ముప్పదేండ్లు నిండినవారి పేళ్లే. 2025 ఫిబ్రవరి 20 మొదలు మార్చి 31 వరకు దేశమంతట జరిపిన పరీక్షలును ముప్పదేండ్లు దాటినవారికే. మన యువకుడు ఆఱేండ్లు వేచియుండవలెను. పొట్లములపై ఉప్పు, చక్కెర, కొవ్వుల హెచ్చరిక ముద్రించు విషయమున 2022 సెప్టెంబరులో ముసాయిదా వెలువడినది. 2025 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము మూడు మాసముల గడువు విధించినది. ఆ గడువును పొడిగింపవలసివచ్చినది. పొట్లములు కట్టువారి తొందర ఇంకొక తీరుగా నున్నది.

కళాశాలలు తెఱచు దినములలో, చేరినవారందఱికి ఒక నర్సు, ఒక యంత్రము, రెండు పరిమాణముల పట్టీలు, ఒక పుస్తకము చాలును. పొలములో పనిచేయువారికి ప్రాథమికారోగ్య కేంద్రమున నదే పుస్తకము తెఱువవచ్చును. ముప్పదవయేట వ్రాయు కార్డును పదునెనిమిదవయేట వ్రాయుటకు వలసినది సచివాలయమునుండి ఒక ఉత్తరువు.