ఔషధం వ్రతభంగకరమా?

కార్తిక మాసం ప్రవేశించగానే గుణదల వీధులు ఎర్రబారుతాయి. తెల్లవారకముందే స్నానం ముగించి, ఎర్రని వస్త్రాలు దాల్చి, మెడలో మాలతో భవానీలు ఇంద్రకీలాద్రి వైపు నడుస్తారు. మార్గశిరంలో ఇరుముడి సమర్పించి దీక్ష విరమించేవరకు నేలపడక, మితాహారం, చన్నీటి స్నానం వారి నియమాలు. ఈ నియమాలలో దోషం లేదు. వీటి చాటున వ్యాపిస్తున్న ఒక మాటలో మాత్రం మహాదోషం ఉన్నది: "మాల వేసుకొన్నాక మందులేమిటి? అమ్మను నమ్మినవాడికి ఫిట్స్ మాత్ర ఎందుకు?"

ఈ మాట విని, ఏళ్ల తరబడి వేసుకొంటున్న మాత్రను ఒక్కసారిగా మానివేసినవాడు కొద్దిరోజులకే నడివీధిలో కొయ్యబారి పడిపోతాడు. చుట్టూ చేరినవారు చేతిలో ఇనుప తాళాలు పెడతారు. ఉల్లిపాయ వాసన చూపిస్తారు. కొందరు నోట్లో చెంచా దూర్చబోతారు. అప్పుడు ఒక పెద్దమనిషి ముందుకు వచ్చి, నియమం ఎక్కడో తప్పింది గనుకనే అమ్మ ఆగ్రహించిందని తీర్పు చెబుతాడు. మాత్ర మాన్పించినది ఆయనే. తప్పు రోగిదట, కోపం అమ్మదట!

ఈ తీర్పుకు ఆధారమైన శాస్త్రం ఏది? మహాభారతం ఉద్యోగపర్వంలో విదురనీతి వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది అని లెక్కించింది. జలం, కందమూలాలు, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఉపవాసవ్రతానికే ఔషధం విఘ్నం కానప్పుడు మండలదీక్షకు ఎట్లా అవుతుంది? గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు బొత్తిగా భుజించనివానికి, అతిగా మేల్కొనేవానికి యోగం సిద్ధించదన్నాడు. పదిహేడవ అధ్యాయంలో ఇంకా కఠినంగా, శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో దేహంలోని భూతసముదాయాన్ని, అందులో ఉన్న తనను కూడా కృశింపజేసేవారి నిశ్చయం ఆసురమన్నాడు. మూర్ఛరోగిని శివరాత్రి జాగరణకు బలవంతపెట్టేవారు ఈ రెండు చోట్లనూ మరొకసారి చదువుకోవలెను. నిద్రలేమి, మాత్ర తప్పడం ఈ రెండే మూర్ఛను రప్పించే కారణాలలో ప్రధానమైనవని వైద్యులందరూ ఎరుగుదురు.

"ఇది వ్యాధి అయితే గదా ఔషధం! ఇది గ్రహం. లేకపోతే నిక్షేపంగా ఉన్నవాడు క్షణంలో పడిపోయి, మరుక్షణంలో లేచి కూర్చుంటాడా?" అని పూర్వపక్షం. ఈ ప్రశ్న కొత్తది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో అపస్మారాన్ని చెప్పే అధ్యాయంలోనే ఇది ఉన్నది. నిమిత్తం లేకుండా వస్తుంది, చికిత్స లేకుండానే పోతుంది, కనుక దోషజం కాదని కొందరంటారని చెప్పి, సుశ్రుతుడు దానిని ఖండించాడు. వర్షం కురిసినప్పుడు భూమిలో పడి ఉన్న బీజాలలో కొన్ని వెంటనే మొలకెత్తక శరత్కాలంలో మొలకెత్తినట్లు, కారణం లోపలే ఉండి తన కాలానికి వ్యక్తమవుతుందని ఆయన సమాధానం. చరకుడు ఆగంతుకోన్మాదాన్ని చెప్పిన మాట నిజమే. కాని అదే నిదానస్థానంలో, తనను తాను క్లేశపెట్టుకోని మనిషిని దేవతలు గాని, పిశాచాలు గాని, రాక్షసులు గాని బాధించరనీ, బుద్ధిమంతుడు తన వ్యాధికి దేవతలను నిందించరాదనీ స్పష్టం చేశాడు. అమ్మ ఆగ్రహించిందనడం దేవతానింద కాక మరేమిటి?

సుశ్రుతుడు బీజమన్నదానిని నేటి నాడీశాస్త్రం యంత్రంతో చూపిస్తున్నది. మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. అవి వలయాలుగా అల్లుకొని, కొన్ని ప్రేరేపిస్తూ, కొన్ని నిగ్రహిస్తూ పరస్పరం విద్యుత్సంకేతాలు పంపుకొంటాయి. ఈ ప్రేరణ, నిగ్రహాల సమతౌల్యం ఒకచోట చెడి, వేలాది కణాలు ఒక్కసారిగా ఒకే తాళానికి స్పందించడమే మూర్ఛ. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మానవ మస్తిష్కపు విద్యుత్తరంగాలను నమోదు చేశాడు. నేడు ఈఈజీ పరీక్ష అంటున్నది దానినే. సంక్షోభం తల వెనుకభాగంలోని దృష్టిక్షేత్రంలో పుడితే లేని వెలుగులు కనిపిస్తాయి. కణత లోపలిభాగంలో పుడితే ఎక్కడా మంట లేకుండానే కాలిన వాసన వస్తుంది, కారణం తెలియని భయం ఆవహిస్తుంది, ఎన్నడూ చూడని చోటు చిరపరిచితంగా తోస్తుంది. ఇంద్రియం ముందు విషయం లేదు, అయినా అనుభవం కలిగింది. దీనిని చూచి పూనకమనుకొన్నవారిని పరిహసించనవసరం లేదు. కాని నాలుక కొరుక్కొని, బట్టలలోనే మూత్రం జారి, లేచిన తరువాత ఏదీ జ్ఞాపకం లేక తలనొప్పితో మూలుగుతున్నవాని ముందు కర్పూరం వెలిగించడం మూఢత్వం. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా ప్రమాణం కావని గీతాభాష్యం చివరి అధ్యాయంలో వ్రాసినవారు శంకరభగవత్పాదులు. ప్రత్యక్షాన్ని కాదనే అధికారం ఆచార్యులే తీసుకోలేదు. వీధి చివరి పెద్దమనిషికి ఎక్కడిది?

ఇక లోతైన భయం ఒకటి ఉన్నది. మనస్సంతా మెదడులోని విద్యుత్తే అయితే ఆత్మ ఏమవుతుంది? ఆ మాత్ర మింగితే నాస్తికుల మతం మింగినట్లు కాదా? ఈ భయం వేదాంతం చదవనివారిది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతుని పదిహేను రోజులు నీటితో మాత్రమే ఉండమన్నాడు. పన్నెండేళ్లు అధ్యయనం చేసివచ్చిన శ్వేతకేతునికి ఋక్కులు తోచలేదు, సామలు తోచలేదు. భుజించిన తరువాత అన్నీ తోచాయి. మిణుగురంత నిప్పుకు గడ్డి అందించి మండించినట్లు అన్నం మనస్సును వెలిగించిందని తండ్రి బోధ. మనస్సు అన్నమయమని చెప్పినది ఉపనిషత్తే. ప్రయోగశాలలు ఆ తరువాతివి. దేహభారంలో నూటికి రెండు పాళ్లైన మెదడు దేహశక్తిలో ఇరవై పాళ్లు వినియోగిస్తుందని నేడు తెలిసినది. ఆ శక్తిని కణానికి అందించే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెలుగులోనికి తెచ్చినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

కేనోపనిషత్తు అడిగినది మరొక ప్రశ్న: చెవిని వినజేయునది, మనస్సును మననం చేయించునది ఏది? గీత పదమూడవ అధ్యాయం ఇంద్రియాలను, మనోబుద్ధులను సైతం క్షేత్రంలోనే చేర్చింది. క్షేత్రజ్ఞుడు వేరు. మెదడు క్షేత్రం. పొలంలో తెగులు పట్టితే మందు చల్లిన రైతు పొలం యజమానిని కాదన్నట్లా? మాంట్రియల్ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువలో ఉన్న రోగుల మెదడును విద్యుదగ్రంతో తాకగా చేయి కదిలేది. ఇది తాము చేసినది కాదు, మీరు చేయించినదని రోగులు అనేవారు. వేదాంతికి ఇది ప్రియమైన వృత్తాంతమే. అయినా దీనిని ఆత్మసిద్ధికి ప్రమాణంగా ఊరేగించడం తొందరపాటు. స్వప్రకాశమైన దానికి విద్యుదగ్రపు సాక్ష్యం అక్కరలేదు. యోగశాస్త్రపు నాడులే వైద్యుల నరాలని, న్యూరాన్లన్నీ వేదంలో ముందే ఉన్నాయని ప్రగల్భించేవారూ ఈ తొందరపాటువారే.

శాకాహారులకు, ఆచారవంతులకు ఈ వ్యాధి రాదనే అతిశయం కూడా నిలవదు. బద్దెపురుగు గుడ్లు సరిగా కడగని ఆకుకూరతోనో కలుషితజలంతోనో లోనికి చేరి, మెదడులో తిత్తులై మూర్ఛ కలిగించడం మన దేశంలో తరచుగా కనిపిస్తుంది. వివాహవేళ దాచిపెట్టడం మరొక దారుణం. హిందూ వివాహచట్టంలో మూర్ఛను అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తొలగించారు. చట్టం విడిచిపెట్టినా లోకం విడవకపోవడంచేత, పెళ్లికూతురు అత్తవారింట ఎవరైనా చూస్తారనే భయంతో మాత్ర మానుతుంది. చికిత్స సక్రమంగా అందితే నూటికి డెబ్బైమంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. ఆ డెబ్బైమందిలో చేరవలసిన అమ్మాయిని ముప్పైలోనికి నెట్టుతున్నది వ్యాధి కాదు.

చరకుడు అపస్మారిని నీటినుండి, నిప్పునుండి, చెట్లనుండి, కొండలనుండి ఎల్లప్పుడూ కాపాడమన్నాడు. గుణదల పక్కనే ఏలూరు కాలువ, పైన కొండ. అట్టి భక్తుణ్ణి ఒంటరిగా స్నానానికి దింపరాదు. పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను, నోటిలో ఏదీ పెట్టరాదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చవలెను. మాల వేసే గురుస్వామి ముందుగా అడగవలసినది గోత్రం కాదు, ఏ మాత్ర వేసుకొంటున్నావని. దానిని మానవద్దని ఆయన ఆజ్ఞాపిస్తే ఇక సందేహమే లేదు. విదురుడు చెప్పిన ఆ ఎనిమిదింటిలో ఔషధానికి ముందున్నది గురువు మాటే.