అమ్ముడుపోని ఇంటికీ ఖర్చు ఉంటుంది



భిలాయి సెక్టర్ 6లో కాపురముంటున్న మనవంటి వారికి ఒక సౌకర్యం ఉంది. దానివెంట ఒక లోపం కూడా ఉంది. ఉద్యోగంలో చేరిన నాటి నుండి పదవీ విరమణ వరకు కంపెనీ క్వార్టరులోనే గడిచిపోతుంది. కనుక సొంత ఇంటికి ఏటా అయ్యే ఖర్చెంత, అవసరం వచ్చినపుడు అది ఎంతకు అమ్ముడుపోతుంది అనే విషయాలు మన అనుభవంలోకి రావు. యాభై ఏళ్ళు దగ్గరపడిన తరువాత మన ఊరి వైపు ఒక ఇల్లుండాలన్న కోరిక బయలుదేరుతుంది. అప్పుడు భవిష్యనిధి నుండి కొంత, బ్యాంకు నుండి కొంత తెచ్చి తొందరపడి కొనివేస్తాము. కొనేటప్పటి తొందర అమ్మేటప్పుడు మాత్రం ఉండదు. అప్పుడు పట్టుదల వచ్చి కూర్చుంటుంది.

నా మిత్రుడొకరు 2016లో మంగళగిరి సమీపంలో 46 లక్షలకు ఒక ఫ్లాటు కొన్నారు. అంతకు ముందు సంవత్సరం, 2015 అక్టోబరు 22న, ఉద్దండరాయునిపాలెంలో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగింది. ఆ పరిసరాలలో ఇల్లు కొనడమంటే బంగారం కొనడమేనని అందరమూ నమ్మిన కాలమది. 2019లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో మూడు రాజధానుల ఆలోచన శాసనసభలో వెల్లడి అయింది. రాజధాని పనులు నిలిచిపోయాయి, కొనేవారు వెనుకంజ వేశారు.

2020 ఆరంభంలో ఒక వ్యక్తి 42 లక్షలకు బేరం తెచ్చాడు. మిత్రుడు 55 లక్షలకు తగ్గేది లేదన్నారు. నన్ను సలహా అడిగితే, "నష్టానికి అమ్మడమెందుకు? కొంతకాలం ఆగండి" అన్నాను. ఆయన శ్రీమతి మాత్రం, "అన్నయ్యగారూ, పిల్ల చదువు ముందున్నది. అప్పు తీరిపోతే చాలు గదా" అన్నారు. ఆ మాట మేమిద్దరమూ పెడచెవిన పెట్టాము.

రెండున్నర ఏళ్ళు గడిచాయి. పదవీ విరమణ సమయానికి ఆ ఫ్లాటు 40 లక్షలకు అమ్ముడుపోయింది. ఆ రాత్రి నేను కాగితం తీసుకుని, ముందే వేయవలసిన లెక్కను వేశాను. బాకీ ఉన్న ఋణం సుమారు 30 లక్షలు. ఎనిమిది శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 2 లక్షల 40 వేలు. అపార్టుమెంటు నిర్వహణ రుసుము 30 వేలు. 42 లక్షలకు అమ్మివేసి అప్పు తీర్చి ఉంటే మిగిలే 12 లక్షలపై ఆరు శాతం చొప్పున రాబడి 72 వేలు. వెరసి ఏడాదికి 3 లక్షల 42 వేలు. రెండున్నర ఏళ్ళకు 8 లక్షల 55 వేలు. ఖాళీగా ఉంటేనే మంచి ధర వస్తుందన్న నమ్మకంతో అద్దెకు కూడా ఇవ్వలేదు. చివరకు ధరలో తగ్గిన రెండు లక్షలు దీనికి అదనం. నాలుగు లక్షల నష్టాన్ని తప్పించుకోబోయి పదిన్నర లక్షలు పోగొట్టుకున్నారు. పిల్ల పై చదువుకు మళ్ళీ అప్పు చేయవలసి వచ్చింది. ఆ అప్పులో నా సలహాకు కూడా వాటా ఉంది.

మన కర్మాగారంలో ఈ పొరపాటు చేయము. బ్లాస్టు ఫర్నేసు నుండి వచ్చిన ద్రవ లోహం లేడిలులో ఎంతసేపు ఆగితే అంత వేడి పోతుందని తెలుసును గనుక, ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ సంజాయిషీ అడుగుతాము. సొంత ఇంటి విషయంలో మాత్రం ఆగడం ఉచితమనుకుంటాము.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1990 నుండి 1997 వరకు అమ్మకానికి వచ్చిన ఫ్లాట్లను డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించారు. కొన్న ధర కంటె తక్కువకు అమ్మవలసి వచ్చినవారు, ఆ తేడాలో 25 నుండి 35 శాతం వరకు అదనంగా కలిపి ధర చెప్పారు. ఫలితంగా కొంత ఎక్కువ ధర వచ్చినా, వారి ఇళ్ళు ఇతరులవాటికంటె నెమ్మదిగా అమ్ముడుపోయాయి. లాభం ఇచ్చే సంతోషం కంటె నష్టం కలిగించే బాధ మనిషికి ఎక్కువని డానియెల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లోనే వివరించారు. కొనేవాడికి మాత్రం మనం ఎంతకు కొన్నామన్నది అక్కర లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. 2024లో ప్రభుత్వం తిరిగి మారి, అమరావతి పనులు మళ్ళీ మొదలై, ధరలు కోలుకున్నాయి గదా! ఆగినవారే గెలిచారు గదా! నిజమే. అప్పు లేనివారు, ఆ సొమ్ముతో వెంటనే పని లేనివారు ఆగగలిగారు. 2020లో మా మిత్రునికి అటువంటి వెసులుబాటు లేదు. నాలుగేళ్ళ తరువాత ఏమి జరుగుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు. ఓపిక పట్టడానికి శక్తి ఉండాలి. అది లేకుండా ఆగడం కుటుంబం సొమ్ముతో పందెం కాయడమే. జపానులో 1991 తరువాత భూముల ధరలు పదిహేనేళ్ళకు దరిదాపుగా తగ్గుతూనే పోయాయి. అక్కడ ఎదురుచూసినవారి జీవితంలో ముఖ్యమైన సంవత్సరాలు ఎదురుచూపులోనే గడిచాయి.

కనుక అమ్మదలచినవారికి నా మనవి. ముందుగా, "ఈ రోజు చేతిలో ఇంత సొమ్ముంటే ఇదే ఇంటిని ఈ ధరకు కొంటానా?" అని ప్రశ్నించుకోండి. కొననని మనసు చెబితే, ఉంచుకోవడానికి కూడా కారణం లేనట్లే. పక్క ఫ్లాటువారు ఎంత చెబుతున్నారని కాక, ఆ భవనంలో ఇటీవల నిజంగా ఎంతకు చేతులు మారాయో విచారించండి. ఆగితే ఏడాదికయ్యే ఖర్చును ఇంటి ఇల్లాలితో కలిసి కూర్చుని కాగితంపై వ్రాయండి. ధరతోపాటు ఒక గడువు కూడా పెట్టుకోండి.

కొనదలచినవారికి ఒక్క మాట. పదవీ విరమణ నాటికి ఎంత ఋణం మిగులుతుందో లెక్కించిన తరువాతనే సంతకం చేయండి. గ్రాట్యుటీ, భవిష్యనిధి మన వృద్ధాప్యానికి ఆధారం. వాటిని పూర్తిగా ఒకే గోడలో పాతిపెట్టకండి.

ఆ దంపతులు ఇప్పుడు గుంటూరులో అద్దె ఇంటిలో ఉంటున్నారు. మొన్న ఫోనులో ఆమె, "ఈసారి ఏదైనా కొనాలంటే లెక్క నేనే వేస్తానన్నయ్యగారూ" అన్నారు. అలాగే చేయమని చెప్పాను.