తోడు నడవడమంటే

యాత్రకు తోడు వెళ్లడమంటే పక్కపక్కనే నడవాలని మనం అనుకుంటాం. భార్యాభర్తలైనా స్నేహితులైనా ఒకరి వేగానికి ఒకరు కట్టుబడాలి. వెనకబడ్డవారిని 'రా, రా' అని తొందరపెట్టాలి. జపాన్‌లోని షికోకు దీవిలో 88 బౌద్ధాలయాలను చుట్టివచ్చే కాలినడక యాత్ర గురించి తెలుసుకున్నకొద్దీ, ఈ అలవాటు వదులుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆ దారి దాదాపు 1200 కిలోమీటర్లు. అంతా నడిస్తే ఆరేడు వారాలు పడుతుంది. 774లో ఆ దీవిలోనే పుట్టి, చైనాలో చదువుకుని, 806లో తిరిగొచ్చి షింగోన్ అనే బౌద్ధ శాఖను నెలకొల్పిన కూకై అడుగుజాడల్లో నడుస్తున్నామని యాత్రికుల నమ్మకం. భక్తులు ఆయన్ను కోబో దైషి అంటారు. ఆ శాఖ గురుపరంపరలో నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో ఆయనకు తమ సూత్రాలు అందాయని వారి సంప్రదాయం. నాగార్జునకొండ పేరు వింటూ పెరిగిన మనకు ఆ దారి మరీ పరాయిది కాదు.

యాత్రికుడి గడ్డి టోపీ మీద 'ఇద్దరం కలిసి వెళ్తున్నాం' అని రాసి ఉంటుంది. ఒంటరిగా నడిచేవాడి టోపీ మీదా అదే మాట. ఆ రెండోవారు కోబో దైషి. చేతికర్ర ఆయన రూపం. బసకు చేరగానే తమ కాళ్లకంటే ముందు కర్ర కొన కడుగుతారు. వంతెన మీద కర్ర ఆనించరు. ఆ దీవిలోని ఎహిమేలో ఒక రాత్రి ఎవరూ చోటివ్వక ఆయన వంతెన కింద పడుకున్నాడట, అందుకని. ఒంటిమీది తెల్లబట్ట శవవస్త్రం కూడా. పూర్వం రోగంతో ఇల్లు వదిలి వచ్చి, ఈ దారిలోనే కన్నుమూసినవాళ్లు ఎందరో. వాళ్లను పోయినచోటే పూడ్చి, ఆ కర్రనే సమాధి గుర్తుగా పాతేవారు. దాని పైభాగం స్తూపంలా చెక్కి ఉండేది ఇందుకే. అంతదాకా వచ్చే తోడు అది.

అలాంటి తోడు ప్రతివారికీ ఉన్నప్పుడు, పక్క మనిషిని పగలంతా తన నడకకు వదిలేయడం ద్రోహం కాదు. 11వ ఆలయం నుంచి 12వది షోసాంజికి 13 కిలోమీటర్ల కొండదారి. యాత్రికుల్ని దొర్లించే దారి అని దానికి పేరు. అక్కడ వేగం పెంచమంటే నీరసించినవాళ్లకు ఊపిరి అందదు. 23వ ఆలయం నుంచి 24వదానికి 75 కిలోమీటర్లు, చాలావరకు సముద్రం వెంబడే. మౌనంగా సాగాలనుకున్నవారి పక్కన మాటలు ఆపని మనిషి ఉంటే యాత్ర సగం పోయినట్టే. వెనకబడ్డవారు దిక్కులేనివాళ్లేమీ కారు. ఊళ్లవాళ్లు ఎదురొచ్చి నారింజపండ్లో, టీయో, చిల్లర డబ్బులో చేతిలో పెడతారు. దాన్ని వద్దనకూడదు. బదులుగా యాత్రికుడు తన పేరు రాసిన చీటీ ఇస్తాడు.

మన తిరుమల మెట్లదారిలో పెద్దవాళ్లను చేయిపట్టి ఈడ్చుకెళ్లే కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లను ఎక్కిస్తున్నామనుకుంటారు గానీ, వాళ్ల యాత్రను లాక్కుంటున్నారు.

షికోకులో ఇలా ఎవరి నడక వారు నడవాలంటే దారిఖర్చు, బస ఫోన్ నంబరు, గుడిముద్రలు వేయించుకునే పుస్తకం ఎవరివి వారి దగ్గరే ఉండాలి. సాయంత్రం కలిసే చోటు పొద్దున్నే అనుకోవాలి. జారే దిగుడుదారుల్లో, ఒంట్లో బాగాలేని రోజున మాత్రం విడిపోకూడదు. ముద్రలు వేసే గది సాయంత్రం 5కు మూసేస్తారు. దానికోసం తోడును ఉరికించే బదులు, ఆ ముద్ర మర్నాడు వేయించుకోవడం మేలు.