నంబరు 6తో మొదలయ్యే కారు

మీ ఇంట్లో కారుంటే ఒకసారి ఆర్‌సీ తీసి ఛాసిస్ నంబర్ చూడండి. అంకెలూ అక్షరాలూ కలిపి 17 ఉంటాయి. మొదట్లోనే బండి ఏ దేశంలో పుట్టిందో తెలిసిపోతుంది. ‘జే’ అంటే జపాన్, ‘కే’ అంటే కొరియా, ‘డబ్ల్యూ’ అంటే జర్మనీ. మన దేశంలో తయారైనవి ‘ఎం’తో మొదలవుతాయి. థాయ్‌లాండ్‌వి కూడా ‘ఎం’తోనే, తేడా రెండో అక్షరంలో ఉంటుంది. ఈ థాయ్‌లాండ్‌ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మెల్‌బోర్న్‌లో నేను నడిపే సెకండ్ హ్యాండ్ క్యామ్రీ నంబరు 6తో మొదలవుతుంది. అది ఆస్ట్రేలియా అంకె. ఇక్కడి ఆల్టోనాలో ఉన్న టొయోటా ఫ్యాక్టరీలో తయారైంది. మేముండే టార్నీట్ నుంచి ఆ ఫ్యాక్టరీ పెద్ద దూరమేం కాదు. మా ఇంట్లో రూమ్ తీసుకుని చదువుకుంటున్న ఖమ్మం కుర్రాడికి ఈ సంగతి చెప్తే, “అదేంటన్నా, ఇక్కడ కార్లు కూడా చేసేవాళ్ళా?” అన్నాడు.

వాడు అలా అడగడంలో వింతేం లేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో షోరూంకి వెళ్తే కనిపించే ప్రతి కొత్త కారూ ఓడ దిగి వచ్చిందే. ట్రక్కులు ఇంకా చేస్తున్నారు కానీ కార్లు లేవు. మూడు కంపెనీలు వరసగా షట్టర్ దించేశాయి. 2016 అక్టోబర్ 7న బ్రాడ్‌మెడోస్‌లో ఫోర్డ్. 2017 అక్టోబర్ 3న ఆల్టోనాలో టొయోటా. అదే నెల 20న ఎలిజబెత్ అనే ఊళ్ళో హోల్డెన్. ఏడాది మీద రెండు వారాల్లో ఒక దేశపు కార్ల పరిశ్రమ మొత్తం అయిపోయింది.

హోల్డెన్ అంటే మనవాళ్ళకి పెద్దగా తెలీదు. ఇక్కడివాళ్ళకి అది ఇంటి మనిషి లాంటి పేరు. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు కుట్టే దుకాణంగా మొదలైంది. తర్వాత కార్ల బాడీలు కట్టడం, 1931లో జనరల్ మోటార్స్‌లో కలవడం, 1948 నవంబర్ 29న సొంత కారు. ఆ రోజు ప్రధాని బెన్ చిఫ్లీ స్వయంగా వచ్చి కారు పక్కన నిలబడి ఫొటో దిగారు. ధర 733 పౌండ్లు, అప్పటికింకా ఆస్ట్రేలియాలో డాలర్ రాలేదు. ఆ తర్వాత ఫోర్డ్ వాళ్ళు ఫాల్కన్ తెచ్చారు. అక్కణ్ణుంచి దేశం రెండు వర్గాలైంది. ఏటా అక్టోబర్‌లో బాథర్స్ట్ రేసు జరిగితే హోల్డెన్ ఇంటివాళ్ళు ఓ వైపు, ఫోర్డ్ ఇంటివాళ్ళు ఓ వైపు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ సంగతి మీకు చెప్పాలా? అదే టైపు.

మరి ఇంత ప్రేమ ఉండగా ఎందుకు పోయింది?

ఈ ప్రశ్న ఇక్కడ ఎవరినడిగినా ఒక్కో విలన్ పేరు చెప్తారు. యూనియన్లు అంటారు కొందరు. ప్రభుత్వం అంటారు ఇంకొందరు. అమెరికా హెడ్డాఫీసు అని మరికొందరు. ఒక్కణ్ణే బోనులో నిలబెడితే లెక్క తేలదని నాకనిపిస్తుంది.

మొదట గోడ సంగతి. 1980ల్లో బయటి నుంచి వచ్చే కారు మీద 57.5 శాతం సుంకం ఉండేది. పైగా ఇన్ని కార్లే రావాలని కోటా. ఆ గోడ చాటున చిన్న మార్కెట్లో లెక్కకు మించిన మోడళ్ళు కొద్దికొద్దిగా తయారయ్యేవి, ఖరీదుగా. జాన్ బటన్ అనే పరిశ్రమల మంత్రి, గోడ మెల్లగా దించుదాం, మోడళ్ళు తగ్గించండి, సంఖ్య పెంచండి అని ఒక ప్లాన్ పెట్టాడు. ఆలోచన మంచిదే. సుంకం తగ్గుతూ తగ్గుతూ 2010 నాటికి 5 శాతానికి వచ్చింది. నిస్సాన్ 1992లోనే వెళ్ళిపోయింది. మిత్సుబిషి 2008లో వెళ్ళిపోయింది.

ఇప్పుడు థాయ్‌లాండ్. 2005లో రెండు దేశాలకీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. థాయ్ పికప్పులు సుంకం లేకుండా ఇక్కడికి వచ్చేశాయి. ఇక్కడి పెద్ద ఇంజిన్ కార్లు అక్కడికి వెళ్ళాలంటే మాత్రం, సుంకం సున్నాయే గానీ ఇంజిన్ సైజుని బట్టి వేసే వేరే పన్ను అడ్డం పడింది. తలుపు తీసే ఉంది, గుమ్మంలో బీరువా పెట్టినట్టు! ఫోర్డ్ టెరిటరీ అనే ఎస్‌యూవీని థాయ్‌లాండ్‌లో అమ్ముదామనుకున్న ఆశ అక్కడే ఆగిపోయింది.

డాలర్ దెబ్బ ఇంకా గట్టిది. 2001లో ఆస్ట్రేలియా డాలర్ విలువ అమెరికా డబ్బుల్లో 50 సెంట్ల కంటే తక్కువ. ఇనుప ఖనిజం, బొగ్గు చైనాకి ఎగబడి అమ్ముడుపోవడంతో 2011కల్లా 110 సెంట్లు దాటింది. అంటే చూడండి, ఇక్కడ 20,000 డాలర్లకి తయారైన కారు అమెరికావాడికి ఒకప్పుడు 10,000కి వచ్చేది. పదేళ్ళ తర్వాత అదే కారు 22,000. ఫ్యాక్టరీలో ఎవరూ జీతం పెంచలేదు, ఎవరూ సోమరిగా కూర్చోలేదు, అయినా ధర డబుల్. గనులు బాగుపడ్డాయి, ఆ బాగుపడటమే కార్లని ముంచింది. పైగా అమెరికాకి పాంటియాక్ పేరుతో వెళ్తున్న హోల్డెన్ కార్లు కూడా ఆగిపోయాయి. ఎందుకంటే 2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ పాంటియాక్ బ్రాండ్‌నే మూసేసింది. ఇక్కడివాళ్ళు మా కారు, మా కారు అని గుండె చరుచుకున్న కంపెనీ తాళం చెవి మొదటి నుంచీ డెట్రాయిట్‌లోనే ఉంది.

సంఖ్యలు కూడా ఒకసారి చూడండి. చివర్లో మూడు కంపెనీలూ కలిసి ఇక్కడ చేసినవి ఏడాదికి రెండు లక్షలకి అటూ ఇటూ కార్లు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా పెట్టిన ఒక్క ప్లాంటునే ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. ఒక్క ప్లాంటు! ప్రెస్ మెషీన్లు, పెయింట్ షాపు, రోబోలు, వీటికి పెట్టిన ఖర్చు ఎన్ని కార్ల మీద పంచితే ఒక్కో కారు అంత చవక. ఈ లెక్క ముందు దేశభక్తి నిలబడలేదు.

జనం కూడా తక్కువ తినలేదు. 1996 నుంచి 2010 దాకా పదిహేనేళ్ళు దేశంలో ఎక్కువ అమ్ముడైన కారు హోల్డెన్ కమడోర్. 2011లో ఆ స్థానం మాజ్డా 3కి పోయింది, అది దిగుమతి కారు. పెట్రోల్ తాగే పెద్ద సెడాన్ ఎవరికి కావాలి? బార్బెక్యూ దగ్గర కూర్చుని హోల్డెన్ గొప్పలు చెప్పుకున్నారు, ఇంటికి మాత్రం మాజ్డా తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీ మూసేశాక ఆఖరి వీ8 కమడోర్ల రేట్లు ఆకాశాన్నంటాయి. ఈ ప్రేమేదో కాస్త ముందు చూపించాల్సింది.

2001 నుంచి 2012 వరకు ఒక్క హోల్డెన్‌కే 200 కోట్ల డాలర్లకు పైన ప్రజల సొమ్ము వెళ్ళింది. 2013 డిసెంబర్ 10న ఆర్థిక మంత్రి జో హాకీ పార్లమెంటులో నిలబడి, ఉంటారా పోతారా తేల్చి చెప్పండని జనరల్ మోటార్స్‌ని నిలదీశాడు. మర్నాడే వాళ్ళు తేల్చేశారు. పోతున్నాం అన్నారు. ఫోర్డ్ ఆ ఏడాది మే నెలలోనే చెప్పేసింది. ఇద్దరు పోతే సీట్లు, గాజులు, వైరింగ్ చేసే చిన్న కంపెనీలకి ఆర్డర్లు మిగలవు. అవి మూతపడితే టొయోటాకి విడిభాగాలెవరిస్తారు? రెండు నెలలకి, 2014 ఫిబ్రవరిలో, టొయోటా కూడా చెప్పేసింది. చిట్టీ పాటలో ఇద్దరు తప్పుకుంటే మూడోవాడు ఎంత నిజాయితీపరుడైనా చిట్టీ నడవదు కదా.

సరే, డబ్బులివ్వడం ఆపడం తప్పా? పన్ను కట్టేవాడిగా నాకు ఆ కోపం అర్థమవుతుంది. కానీ మా వీధి చివరి పెద్దాయన గురించి చెప్పాలి.

ఆయన 80ల్లో వియత్నాం నుంచి వచ్చాడు. ఇంగ్లీషు రాదు, చేతిలో సర్టిఫికెట్ లేదు. కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. బోల్టులు బిగిస్తూనే భాష నేర్చుకున్నానంటాడు, మొదట వచ్చినవి బూతులేనట, నవ్వుతూ చెప్తాడు. పర్మనెంట్ ఉద్యోగం, యూనియన్, ఓవర్ టైం, సెలవులు. ఆ ఒక్క జీతంతో ఇల్లు కొన్నాడు. ఇద్దరు పిల్లల్ని చదివించాడు. ఒకమ్మాయి ఇప్పుడు ఫార్మసిస్ట్. ఇటలీ నుంచి, గ్రీస్ నుంచి, టర్కీ నుంచి వచ్చినవాళ్ళ కథలు కూడా ఇలాంటివే. వచ్చినవాడు కాలు పెట్టడానికి ఒక మొదటి మెట్టు ఉండేది. అది కార్ల ఫ్యాక్టరీ.

ఇప్పుడు మా ఖమ్మం కుర్రాడి మొదటి మెట్టు చూడండి. ఆన్‌లైన్ ఆర్డర్లు సర్దే ఒక వేర్‌హౌస్. షిఫ్ట్ ఉందో లేదో సాయంత్రం ఫోన్‌లో మెసేజ్ వస్తే తెలుస్తుంది. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలకి మించి చేయకూడదు. పక్కన పనిచేసేవాడి పేరు తెలిసేలోపు వాడు మారిపోతాడు. వాడికి చదువుంది కాబట్టి దాటేస్తాడు. చదువులేకుండా వచ్చినవాడి సంగతే నాకు తెగని ప్రశ్న. పెద్దాయన ఈ రోజు దిగి ఉంటే ఏ పనిలో చేరేవాడు? ఆ పనితో ఇల్లు కొనగలిగేవాడా?

పోతూ పోతూ ఫోర్డ్ ఒక పని ఉంచి వెళ్ళింది. డిజైన్, ఇంజినీరింగ్ ఇక్కడే ఉన్నాయి. 2023లో ఆస్ట్రేలియాలో ఎక్కువ అమ్ముడైన బండి ఫోర్డ్ రేంజర్. మెల్‌బోర్న్‌లో గీశారు, మా పడమటి వైపు యూ యాంగ్స్ కొండల దగ్గర టెస్ట్ ట్రాక్ మీద పరిగెత్తించి చూశారు, థాయ్‌లాండ్‌లో తయారుచేసి ఓడలో తెచ్చి ఇక్కడే అమ్ముతున్నారు. అంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాడి ఉద్యోగం మిగిలింది. స్పానర్ పట్టుకునేవాడిదే పోయింది. “పరిశ్రమ పోయినా నైపుణ్యం ఉంది” అని ఎవరైనా గొప్పగా అంటే, ఎవరి నైపుణ్యం అని నాకు అడగాలనిపిస్తుంది.

మనం ఈ కథలో అవతలి ఒడ్డున ఉన్నాం, అదీ ఒప్పుకోవాలి. చెన్నైలో తయారైన హ్యుందాయ్ ఐ20లు ఒకప్పుడు ఇక్కడ బాగానే తిరిగాయి. ఇప్పుడు మారుతి ప్లాంటులో చేసిన జిమ్నీ ఐదు డోర్లది ఇక్కడి షోరూంలో ఉంది. అలాగని మనకి ఈ దెబ్బలు తెలీనివేం కావు. అంబాసిడర్ ఆగింది 2014లో. జనరల్ మోటార్స్ హోల్డెన్ ఫ్యాక్టరీ మూసిన 2017లోనే మన దగ్గర షెవ్రొలే అమ్మకాలూ ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్లు చేయం అని ప్రకటించినప్పుడు చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో కార్మికులు రోడ్డెక్కారు.

కాబట్టి పెనుకొండ, హిందూపురం వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. కార్ల ప్లాంటులోగానీ, దానికి సీట్లో బంపర్లో ఇచ్చే చుట్టుపక్కల కంపెనీల్లోగానీ మీరు పనిచేస్తుంటే నాకు రాయండి. కంపెనీ పేరు అక్కర్లేదు. పర్మనెంటా, కాంట్రాక్టా? ఎన్నేళ్ళు? ఆ జీతం మీద బ్యాంకువాడు హోమ్ లోన్ ఇస్తానన్నాడా? జవాబులు వస్తే పేర్లు లేకుండా ఇక్కడే వేస్తాను.