మంట సంగతి ముందే చెప్పాలి

మూత్రాశయం కేన్సరుకు విశాఖలో గొట్టం ద్వారా బి.సి.జి. మందు ఎక్కించుకుని కంచిలి వచ్చినవారికి ఆ రాత్రే మూత్రంలో మంట. ఉద్దానంలో ఆ మాట వింటే 'కిడ్నీ పోయిందేమో' అనే భయం. వెంటనే షాపులో నొప్పి బిళ్లలు! కిడ్నీకి చేటు చేసేవి ఆ బిళ్లలే.

పసిబిడ్డల భుజానికి టీకాగా వేసే బి.సి.జి. క్రిమే ఇదీ, మోతాదు ఎక్కువ. ఒంటికి ముందే పరిచయమైన క్రిమి పదార్థం తగిలితే గినీ పందుల మూత్రాశయం గట్టిగా వాస్తుందని 1966లో కో, ఫెల్డ్‌మన్ గమనించారు. 1976లో కెనడా డాక్టరు మొరాలిస్ 9 మంది రోగులకు వారానికొకసారి, 6 వారాలు ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. రక్షణ కణాలను కేన్సరు మీదికి రప్పించేది ఆ వాపే.

ఈ సంగతి మందు ఎక్కించే ముందే సిస్టర్లు చెప్పాలని మా అభిప్రాయం. ఒకటి రెండు రోజుల మంట మామూలే. జ్వరం ఎక్కువైనా, రెండు రోజులు దాటినా వెంటనే డాక్టరుకు చూపండి. బి.సి.జి. ఎక్కించుకున్నామని మొదటే చెప్పండి; లేకుంటే మేమూ మామూలు జ్వరమే అనుకుంటాం.